లాంబ్డామూ క్రీడాలోకమున స్వచ్ఛంద నిర్వాహకుల జవాబుదారీతనము

'బాధ్యత', 'జవాబుదారీతనము' అను పదములను మనము నేడు తరచు ఒకే యర్థమున వాడుచున్నాము. వీని నడుమ గల భేదము స్వల్పమైనది కాదు. చేపట్టిన పనిని చక్కగా నిర్వహింపవలెనను బుద్ధి బాధ్యత. అది కర్త మనస్సునకు సంబంధించినది. చేసిన పనికి కారణ మడిగినవారికి సమాధానము చెప్పవలసిన స్థితి జవాబుదారీతనము. దీనికి అడుగువాడు వేరొక డుండవలెను. అడుగుటకు అతనికి హక్కు ఉండవలెను. కావున బాధ్యత నెరిగినవారందరును జవాబుదారులని చెప్పుటకు వీలులేదు. జీతము గొనక ఒక సమాజమును నడపువారి విషయమున ఈ భేదము విశదముగా గోచరించును. ఇంటర్నెట్టునందలి ఒక పాత్రధారణ క్రీడ చరిత్రను ఆధారముగా గొని ఈ విషయమును ఇచట పరిశీలించుచున్నాము.

ఈ జాతి క్రీడలకు మూలము 'మడ్' అను క్రీడ. ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయమున 1978లో రాయ్ ట్రబ్‌షా దీనిని ఆరంభింపగా రిచర్డ్ బార్టిల్ పెంపొందించెను. ఇందు బొమ్మలు లేవు. ఆటగాడొక పాత్రను ధరించి, తాను పలుకు పలుకును, చేయు చేతను అక్షరములతో వ్రాయును. అది అచటనున్న తక్కినవారి తెరలపై వాక్యమై కనిపించును. ఈ సంప్రదాయమునకు చెందినదే లాంబ్డామూ. దీనిని 1990లో పావెల్ కర్టిస్ కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధన కేంద్రమున నెలకొల్పెను. ఇందు గెలుపోటములు లేవు. గదులను, వస్తువులను ఆటగాండ్రే కల్పించుకొనవచ్చును. కేవలము వాక్యములతో నిర్మితమైన లోక మగుటచే భాషా సాహిత్య విద్యార్థులకు సయితము ఇది పరిశీలనార్హమైనది.

ఈ లోకపు నిర్వాహకులకు 'విజర్డులు', అనగా మాంత్రికులు, అని పేరు. వీరిలో పలువురు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. ఏ వస్తువునైనను మార్చుటకును, ఏ పాత్రనైనను తొలగించుటకును వీరికి సాంకేతికమైన శక్తి కలదు. పాత్రను శాశ్వతముగా తొలగించుటను అచట 'కప్పగా మార్చుట' అందురు. మాటలలోనే బ్రదుకు లోకమున పేరును, వర్ణనయు తుడిచివేయబడినచో ఆ పాత్రకు మిగులున దేమియు లేదు. అట్టి శిక్షను విధింపగల చేతిని ఎవరు ప్రశ్నింపవలెను?

తొలినాళ్లలో ఆటగాండ్ర తగవులను విజర్డులే తీర్చుచుండిరి. సభ్యుల సంఖ్య పెరుగగా ఆ భారము దుర్వహ మయ్యెను. 1992 డిసెంబరులో కర్టిస్ ఒక ప్రకటన గావించెను. నాటినుండి విజర్డులు యంత్రమును నడపు సాంకేతికులు మాత్రమేననియు, సాంఘిక నిర్ణయములు సమాజమే చేసికొనవలెననియు దాని సారాంశము. ఇది అధికారత్యాగమువలె తోచును. కాని వాస్తవమున వారు విడిచినది అధికారమును కాదు, దానిని వాడు పూనికను మాత్రమే. శక్తి వారి చేతియందే నిలిచెను. దానిని వాడుమని గాని, వాడవలదని గాని శాసింపగల వ్యవస్థ ఏదియు ఏర్పడలేదు.

ఈ లోపము 1993లో బయటపడెను. 'మిస్టర్ బంగిల్' అను పాత్రను ధరించిన యొకడు, ఇతరులు వ్రాయని చేష్టలను వారి పాత్రలకు అంటగట్టు ప్రోగ్రాము నుపయోగించి, అందరు కూడు గదిలో కొందరిపై లైంగిక హింసను వాక్యరూపమున సాగించెను. బాధితులు శిక్ష కోరిరి. పూర్వప్రకటనమునకు కట్టుబడి విజర్డులు మిన్నకుండిరి. సభ్యులు సమావేశమై దీర్ఘముగా చర్చించియు ఒక నిర్ణయమునకు రాలేకపోయిరి. పిమ్మట ఒక విజర్డు తనంతట తానే ఆ పాత్రను తొలగించెను. ఈ వృత్తాంతమును జూలియన్ డిబెల్ అదే సంవత్సరము డిసెంబరులో 'విలేజ్ వాయిస్' పత్రికయందు ప్రకటించెను. ఆ విజర్డు చేసినది పలువురు కోరినదే. అయినను ఎవరును అతని నాజ్ఞాపింపలేదు. అతడు ఎవరికిని కారణము చెప్పవలసిన నియమమును లేకుండెను. ఫలము న్యాయమైనను పద్ధతి న్యాయమైనది కాదని మా యభిప్రాయము. నేడు దోషిని తొలగించిన చేయి రేపు నిర్దోషిని తొలగించినను అడ్డగించునది ఏదియు లేదు గదా!

ఈ సంఘటన పిదప కర్టిస్ అర్జీల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఏ సభ్యుడైనను ఒక ప్రతిపాదనను వ్రాయవచ్చును. తగినన్ని సంతకములు లభించి, విజర్డుల పరిశీలనలో నెగ్గినచో అది సభ్యుల ఓటునకు వచ్చును. అనుకూలపు ఓట్లు ప్రతికూలపు ఓట్లకు రెండింతలైననే అది శాసన మగును. తగవులు తీర్చుటకు మధ్యవర్తుల వ్యవస్థయు ఏర్పడెను. నాలుగు నెలలు సభ్యత్వము గలవారెవరైనను మధ్యవర్తులుగా ముందునకు రావచ్చునని 1996లో ఈ న్యాయవ్యవస్థను గూర్చి వ్రాసిన జెన్నిఫర్ మ్నూకిన్ తెలిపినది.

ఇంత చక్కని ఏర్పాటునందును ఒక చిక్కు మిగిలెను. ప్రతిపాదన ఓటునకు తగినదా, కాదా అని తేల్చువారు విజర్డులే; శాసనమును అమలు పరచువారును వారే. విజర్డుల అధికారమును పరిమితము చేయు అర్జీని సయితము ముందుగా విజర్డులే పరిశీలింపవలెను. ఒక ప్రతిపాదన 'సాంకేతికముగా అసాధ్యము' అని చెప్పుట సాంకేతిక నిర్ణయమా, సాంఘిక నిర్ణయమా? ఈ గీతను ఎవరును స్థిరముగా గీయలేకపోయిరి. తుదకు 1996 మే నెలలో విజర్డులు మరియొక ప్రకటన వెలువరించిరి. సాంకేతిక కార్యములను సాంఘిక ఫలితములనుండి వేరుచేయుట సాధ్యము కాలేదనియు, ఇకపై అట్టి ఫలితములు గల చర్యలకు తాము వెనుదీయబోమనియు చెప్పిరి. మూడున్నర సంవత్సరముల ప్రయత్నము బయలుదేరిన చోటికే వచ్చి చేరెను. అయినను ఆ ప్రకటనయందు ఒక సత్యము కలదు. శక్తి గలవాడు మిన్నకుండుటయు ఒక చర్యయే. మిన్నకుండుటకును కారణము చెప్పవలెను.

జీతము లేక కాలము వెచ్చించువారిని నిలదీయుట కృతఘ్నత కాదా అని కొందరు శంకింతురు. ఈ శంక సహజమే. జీతగాని జీతము కోయవచ్చును. స్వచ్ఛంద సేవకుని పదవినుండి తొలగించుట తప్ప వేరు శిక్ష లేదు. అతడు విసిగి విడిచిపోయినచో నష్టము సమాజమునకే. కాని దేవాలయపు ధర్మకర్తయు జీతము గొనడు. అయినను లెక్కలు చూపవలసినదే. సేవకు తగినది కృతజ్ఞత. అప్పగించిన సొత్తునకు కావలసినది లెక్క. ఒకటి రెండవదానికి బదులు కానేరదు. అంతేకాక, లాంబ్డామూ గదులను, వస్తువులను కల్పించిన ఆటగాండ్రును జీతము గొన్నవారు కారు. అచటి సొత్తు అందరి శ్రమఫలము.

కావున ఇట్టి సమాజములకు మూడు నియమములు ఆవశ్యకములని మేము తలచుచున్నాము. శిక్షకు గల కారణము శిక్షతోపాటే వ్రాతమూలముగా తెలుపవలెను. నిర్వాహకుల చర్యలు అందరికిని కనిపించు చిట్టాలో నమోదు కావలెను. నిర్వాహకునిపై వచ్చిన ఫిర్యాదును ఆ నిర్వాహకుడే విచారింపరాదు. వీనిలో రెండవది మనకు సమీపముననే ఆచరణయందున్నది. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా క్రీడ కాకున్నను, అచటి నిర్వాహకులును తోడి రచయితలు ఎన్నుకొనిన స్వచ్ఛంద సేవకులే. వారొక పుటను తొలగించినను, ఒక సభ్యుని నిరోధించినను ఆ చర్య బహిరంగమైన చిట్టాలో చేరును.

ఈ మూడింటిలో లాంబ్డామూకు కొరవడినది కడపటిది. అచట సభలకును, ఓట్లకును, సదుద్దేశమునకును కొరత లేకుండెను. అడుగువాడు వేరుగా నుండవలెనను నియమము మాత్రము నిలువలేదు. అది నిలువని చోట బాధ్యత యుండవచ్చును గాని, జవాబుదారీతన ముండదు.