మనవాళ్లను దుబాయి చేర్చే కిరోసిన్!

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో దుబాయికో మస్కట్‌కో వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. శంషాబాద్‌ దాకా వెళ్లి సాగనంపినా, ‘క్షేమంగా దిగాను’ అని ఫోన్‌ వచ్చేవరకూ ఇంట్లోవాళ్లకు మనసు కుదుటపడదు. ఇంతకీ అంతమందిని మోసుకుంటూ సముద్రం దాటే ఆ విమానం తాగేదేమిటి... పెట్రోలా, డీజిలా? రెండూ కాదు. ఒకప్పుడు మన ఇళ్లలో లాంతర్లు వెలిగించిన కిరోసిన్‌!

కాకపోతే ఇది బాగా శుద్ధిచేసిన కిరోసిన్‌. విమానాల వాళ్లు ఏటీఎఫ్‌ అంటారు. మనదేశంతో సహా చాలాచోట్ల వాడే రకం పేరు జెట్‌ ఏ-1. దుబాయి దారిలో తిరిగే ఓ మాదిరి విమానం గంటకు సుమారు రెండున్నర టన్నులు తాగేస్తుంది.

కిరోసినే ఎందుకు?

35 వేల అడుగుల ఎత్తున బయట ఉష్ణోగ్రత మైనస్‌ 50 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. ఇంధనం ఉండేదేమో రెక్కల్లో. మామూలు డీజిల్‌ అయితే ఆ చలికి మైనం తేలి గొట్టాలకు అడ్డుపడుతుంది. జెట్‌ ఏ-1 మైనస్‌ 47 దాకా గడ్డకట్టదు. పైగా గాలి రాపిడికి రెక్కలు కాస్త వెచ్చబడతాయి కాబట్టి లోపలి ఇంధనం బయటి గాలంత చల్లబడదు. మరి పెట్రోలు? ఎముకలు కొరికే చలిలోనూ నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. జెట్‌ ఏ-1 మాత్రం కనీసం 38 డిగ్రీలకు వేడెక్కితే తప్ప తేలిగ్గా అంటుకోదు.

పైలట్లకు శిక్షణ ఇచ్చే చిన్న విమానాల సంగతి వేరు. వాటిలో చాలావాటికి కారులో ఉన్నట్టే పిస్టన్‌ ఇంజిన్‌ ఉంటుంది. వాటికి పోసేది ఏవ్‌గ్యాస్‌ అనే పెట్రోలు. పొరపాటున జెట్‌ ఇంధనం పోస్తే గాల్లోకి లేచాక ఇంజిన్‌ మొరాయిస్తుంది. అందుకే ఏవ్‌గ్యాస్‌కు నీలిరంగు కలుపుతారు.

తాళంచెవి లేదు

జెట్‌ ఇంజిన్‌ను మొదలుపెట్టడానికి తాళంచెవి ఉండదు. చాలా విమానాల్లో తోకలో ఉండే చిన్న ఇంజిన్‌ గాలిని పంపి పెద్దదాన్ని తిప్పుతుంది. తగినంత వేగం అందుకున్నాక ఇంధనం వదిలి నిప్పు రాజేస్తారు. పొయ్యి అంటుకున్నాక అగ్గిపుల్లతో పనేముంది? ఇక ఆ మంట దానంతటదే మండుతుంది. ఆ వేడిగాలి టర్బైన్‌ను తిప్పుతుంది. టర్బైన్‌ ముందున్న పెద్ద ఫ్యాన్‌ను తిప్పుతుంది. విమానాన్ని ముందుకు తోసే బలంలో ఎక్కువ భాగం ఆ ఫ్యాన్‌ వెనక్కి నెట్టే గాలిదే. పైలట్‌ లివర్‌ ముందుకు తోస్తే ఎంత ఇంధనం పంపాలో కంప్యూటర్‌ చూసుకుంటుంది. ఆపాలంటే ఇంధనం కట్టేయడమే.

నీరు చేరితే...

2008 జనవరి 17న బీజింగ్‌ నుంచి లండన్‌ వచ్చిన బ్రిటిష్‌ ఎయిర్‌వేస్‌ బోయింగ్‌ 777 రన్‌వేకు ముందే నేలను తాకింది. ఇంధనంలోని కొద్దిపాటి తేమ మంచుగా మారి దారికి అడ్డుపడటమే కారణం. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. ఆ తర్వాత ఆ ఇంజిన్‌ భాగాన్నే మార్చారు. విమానంలోకి ఎక్కించే ఇంధనంలో నీటి జాడ ఉందేమోనని ముందుగా పరీక్షించేదీ ఇందుకే.

లెక్క తప్పితే?

1983 జులై 23న ఎయిర్‌ కెనడా బోయింగ్‌ 767కు 22,300 కిలోల ఇంధనం కావాలి. సిబ్బంది కిలోలకు బదులు పౌండ్ల లెక్క వాడారు. సగం కూడా లేకుండానే విమానం లేచింది. ఆకాశంలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి! గ్లైడర్లు నడిపిన అనుభవమున్న కెప్టెన్‌ బాబ్‌ పియర్సన్‌, దాన్ని గాల్లో తేలుస్తూ గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించారు. ప్రాణాలన్నీ దక్కాయి.

దుబాయి వెళ్లే విమానంలో దుబాయికి సరిపడా మాత్రమే పోయరు. అక్కడ దిగడం కుదరకపోతే మరో విమానాశ్రయానికి వెళ్లడానికి కొంత, ఆపైన ఇంకో అరగంట ఎగరడానికి కొంత ఉండాల్సిందే. మనవాళ్ల ‘క్షేమంగా దిగాను’ వెనక ఇంత లెక్క ఉంది మరి!