సీసరహిత సెరామిక్‌లలో రేణు పరిమాణం, విద్యుత్ ధర్మాలు

పీజోవిద్యుత్ పరికరాలలో దశాబ్దాలుగా ప్రధానస్థానం లెడ్ జిర్కొనేట్ టైటనేట్‌ది. దాని బరువులో 60 శాతానికి పైగా సీసమే. ఐరోపాలో 2006 జూలై 1 నుంచి అమలైన ఆర్‌ఓహెచ్‌ఎస్ ఆదేశం సీసం వాడకాన్ని నియంత్రించినప్పటికీ, తగిన ప్రత్యామ్నాయం లేనందున ఇటువంటి సెరామిక్‌లకు మినహాయింపునిచ్చింది. ఆ ప్రత్యామ్నాయాన్వేషణలో రసాయన సంఘటనానికి దక్కినంత శ్రద్ధ రేణు పరిమాణానికి దక్కలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బేరియం టైటనేట్‌ను పరిశీలిద్దాం. రేణువులు 10 మైక్రోమీటర్లకు మించినప్పుడు, గది ఉష్ణోగ్రత వద్ద దీని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 1500–2000 ప్రాంతంలో ఉంటుంది. రేణువు 1 మైక్రోమీటరు దరికి వచ్చేసరికి అది సుమారు 5000కు చేరుతుంది. రేణువు ఇంకా చిన్నదైతే మళ్ళీ పడిపోతుంది. దీనికి 1985లో ఆర్ల్ట్, హెన్నింగ్స్, డి విత్ ఇచ్చిన వివరణ నేటికీ చర్చకు ఆధారంగా నిలుస్తున్నది. సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద నున్న క్యూరీ ఉష్ణోగ్రతకు దిగువన స్ఫటికం ఆకృతి మార్చుకొంటుంది. పొరుగు రేణువుల బిగింపు వలన కలిగే ప్రతిబలాన్ని ప్రతి రేణువూ 90 డిగ్రీల డొమైన్లుగా చీలి తగ్గించుకొంటుంది. డొమైన్ వెడల్పు రేణు పరిమాణపు వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది. అందువలన రేణువు 10 నుంచి 1 మైక్రోమీటరుకు తగ్గితే, ఏకాంక ఘనపరిమాణంలో డొమైన్ గోడల వైశాల్యం సుమారు 3 రెట్లవుతుంది. ఆ గోడల కదలికే స్థిరాంకాన్ని పెంచుతుంది. మరీ సూక్ష్మ రేణువులలో చతుర్భుజీయత సన్నగిల్లుతుంది, ధ్రువణశక్తి తక్కువగల రేణు సరిహద్దుల వాటా పెరుగుతుంది.

అయితే ఈ సూత్రం అన్నిటికీ వర్తించదు. లియు, రెన్ 2009లో 620 పికోకూలుంబ్/న్యూటన్ పీజో గుణకాన్ని ప్రకటించిన కాల్షియం, జిర్కోనియం కలిపిన బేరియం టైటనేట్‌లో 10 మైక్రోమీటర్లకు మించిన పెద్ద రేణువులే మేలైన ఫలితమిస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. బేరియం టైటనేట్‌కు నియోబియం లేదా లాంథనం కొద్ది మోతాదు దాటి చేర్చితే రేణువుల పెరుగుదల ఆగిపోతుంది. అప్పుడు స్థిరాంకంలో కనిపించిన మార్పు డోపెంట్‌దా, రేణువుదా? ఒకే ఉష్ణోగ్రత వద్ద సింటరింగ్ చేసిన నమూనాలను పోల్చి దీనిని తేల్చలేము. సింటరింగ్ పరిస్థితులను మార్చి, సమాన రేణు పరిమాణం, సమాన సాంద్రత గల నమూనాలను సిద్ధం చేసి పోల్చవలసి ఉంటుంది. ఇంపీడెన్స్ వర్ణపటం ద్వారా రేణువు, సరిహద్దుల నిరోధాలను విడదీయడం మరింత మేలు.

మన ప్రాంతపు ముడిపదార్థాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట బెరైటీస్ నుంచి బేరియం కార్బొనేట్ తయారుచేయవచ్చు. జగ్గయ్యపేట పరిసరాలలో సిమెంటు కర్మాగారాలకు ఆధారమైన సున్నపురాయి కాల్షియం కార్బొనేటే కనుక, దానిని ప్రయోగశాలలో వాడదామన్న ఆలోచన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పరిశోధక విద్యార్థులకు సహజంగానే కలగవచ్చు. కాని సిమెంటుకు పనికివచ్చే రాతిలోని సిలికా, సింటరింగ్ వేళ రేణు సరిహద్దుల వద్ద ద్రవదశగా మారి రేణువుల పెరుగుదలనే మార్చివేస్తుంది. శుద్ధిచేయని సున్నపురాయితో చేసిన నమూనాలో కాల్షియం ప్రభావాన్ని సిలికా ప్రభావం నుంచి వేరుచేయడం సాధ్యపడదు.