ఇంట్లో అందరికీ షుగర్ ఉంటే మనకీ వచ్చి తీరుతుందా?

ఇవాళ్టి టాపిక్ షుగర్, అంటే టైప్ 2 డయాబెటిస్. దీని గురించి మన ఏజ్ వాళ్ళు రెండు మాటలు అంటుంటారు. ఒకటి: "మా నాన్నకి ఉంది, తాతకి ఉంది, ఎలాగూ నాకూ వస్తుంది. ఇక ఇప్పట్నుంచే నోరు కట్టుకోవడం ఎందుకు?" రెండోది: "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు రాదు." రెండూ తప్పే. ఎందుకో చూద్దాం.

ముందు జీన్స్ సంగతి. షుగర్ వంశంలో వస్తుందన్న మాట నిజమే. కానీ దీనికి ఒక్క జీన్ అంటూ లేదు. మన డీఎన్ఏలో వందల చోట్ల చిన్న చిన్న తేడాలు ఉంటాయి, ఒక్కోటి రిస్క్‌ని కొంచెం కొంచెం పెంచుతుంది. వాటిలో బాగా పేరున్నది టీసీఎఫ్7ఎల్2. ఐస్‌లాండ్ సైంటిస్టులు 2006లో బయటపెట్టారు. దీని రిస్క్ రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండు వైపులా వస్తే, షుగర్ వచ్చే అవకాశం దాదాపు రెండింతలు అవుతుంది.

మరి దగ్గరి జీన్స్ ఉన్నవాళ్ళే రెండు వేరే జీవితాలు గడిపితే? అలాంటి కేసు నిజంగానే ఉంది. పీమా అనే ఆదివాసీలు కొందరు అమెరికాలోని అరిజోనాలో, కొందరు మెక్సికో కొండల్లో ఉంటారు. అరిజోనా పీమాలు ఒకప్పుడు నది నీళ్ళతో వ్యవసాయం చేసేవాళ్ళు. పైనున్న వలసదారులు ఆ నీళ్ళు మళ్ళించేసుకోవడంతో సాగు దెబ్బతింది. తర్వాత కంచంలోకి మైదా, కొవ్వు, చక్కెర వచ్చాయి. మెక్సికో పీమాలు మాత్రం పొలం పనులు చేసుకుంటూ పాత తిండే తిన్నారు. 2006లో వచ్చిన స్టడీ ప్రకారం అరిజోనా పీమాల్లో 38 శాతం మందికి షుగర్, మెక్సికో పీమాల్లో 7 శాతం లోపే. కోడ్ దాదాపు ఒకటే, ఇన్‌పుట్ మారింది. అవుట్‌పుట్ ఎంత మారిందో చూడండి.

ఇంకో ఎవిడెన్స్. అమెరికాలో షుగర్ అంచున ఉన్న 3,234 మందిపై ఒక పెద్ద ట్రయల్ చేశారు. రిజల్ట్ 2002లో వచ్చింది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం, బరువు 7 శాతం తగ్గడం: ఇదీ ఒక గ్రూపుకి ఇచ్చిన టార్గెట్. ఆ గ్రూపులో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. తర్వాత అదే ట్రయల్‌లో వాళ్ళ జీన్స్ కూడా చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న గ్రూపులో, టీసీఎఫ్7ఎల్2 రిస్క్ రెండు వైపులా ఉన్నవాళ్ళకి షుగర్ ముప్పు అది అసలు లేనివాళ్ళ కంటే 80 శాతం ఎక్కువ. లైఫ్‌స్టైల్ మార్చుకున్న గ్రూపులో ఆ తేడా 15 శాతానికి పడిపోయింది, అది లెక్కలోకి తీసుకునేంత తేడా కూడా కాదు. అంటే జీన్ ఎక్కడికీ పోలేదు, దాని పవర్ తగ్గింది.

మన దగ్గరా చేశారు. చెన్నైలో జరిగిన ట్రయల్ రిజల్ట్ 2006లో వచ్చింది: నడక, తిండి మార్పులతో ముప్పు 28 శాతం తగ్గింది. అమెరికా అంత కాదు, అయినా తక్కువేం కాదు. మనవాళ్ళకి సన్నగా కనిపించినా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది. అందుకే ఇక్కడ బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అంటారు.

ఇంకో విషయం. నాన్న నుంచి మనకి జీన్స్ మాత్రమే రావు, వంటిల్లు కూడా వస్తుంది. కంచం నిండా తెల్లన్నం, టీలో రెండు చెంచాల చక్కెర, రాత్రి పదింటికి భోజనం. వీటిని మార్చుకోవడం మన చేతిలోనే ఉంది. అలాగని అన్నీ పాటించినా కొందరికి వస్తుంది, అది వాళ్ళ తప్పు కాదు. కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చినా కళ్ళకీ కిడ్నీలకీ అన్నేళ్ళు లాభమే.

ఇప్పుడు ఏం చేయాలి? అమ్మకో నాన్నకో షుగర్ ఉండి, మీ బీఎంఐ 23 దాటితే, 30 వచ్చేదాకా ఆగకండి, ఇప్పుడే టెస్ట్ చేయించుకోండి. పరగడుపున 100 నుంచి 125 మధ్య వస్తే అది ప్రీ-డయాబెటిస్. 126 లేదా అంతకంటే ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళి మళ్ళీ కన్ఫర్మ్ చేసుకోవాలి. ఇంట్లో ఎవరికీ లేకపోయినా 30 దాటాక చూపించుకోండి, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ స్క్రీనింగ్ ఫ్రీ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో ప్రీ-డయాబెటిస్ ఉన్నవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. ఈ స్టేజ్‌లో బయటకి ఏమీ తెలియదు, టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది.

ఈ వీడియో మీ ఇంట్లో "ఎలాగూ వస్తుందిలే" అనే వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో బీపీ గురించి మాట్లాడుకుందాం. బై!