ప్రొక్లైను మూగపోయినప్పుడు

మట్టి త్రవ్వు యంత్రముతో స్త్రీలకేమి పని యని కొందఱికిఁ దోఁచవచ్చును. ఖమ్మము మొదలు భద్రాచలపు టడవి యంచువఱకు గల యూళ్లలో నీ యంత్రము పొలముగట్టు మీఁదనే కాక యింటి లెక్కల పుస్తకములోఁ గూడఁ జేరియున్నది. చెఱువులలో పూడిక తీయుటకు, అశ్వారావుపేట ప్రాంతమున ఆయిల్‌పాము తోఁటలకు నేల చదును చేయుటకు, ఖమ్మము చుట్టుపట్ల గ్రానైటు క్వారీలలో రాళ్లు కదల్చుటకు దీనినే పిలుతురు. క్రొత్తదానిని కొనఁగలవారు కొలఁదిమంది. తక్కినవారు వేలకొలఁది గంటలు పనిచేసి యలసిన పాతదానిని కొందురు. ఆ కొనుగోలునకు మొదటి సొమ్ము తఱచుగా నిల్లాలి గాజులనుండియే వచ్చును. కావున నది యేల యాగునో తెలిసికొనుట మన పనియే.

ప్రొక్లైను అనునది నిజమునకు యంత్రపుఁ బేరు కాదు. పొక్లెయిన్ అను ఫ్రాన్సు దేశపు సంస్థ పేరు మన నోళ్లలో నట్లు మాఱినది. చక్రముల జేసీబీ వేఱు, చైనులమీఁద నడచు నిది వేఱు.

పూర్వపు యంత్రములలో నొక్కొక్క పనికి నొక్కొక్క తీఁగ యుండెడిది. ఇప్పటివానిలో నింజనునకొక కంట్రోలరు, హైడ్రాలిక్ పంపునకొకటి, డ్రైవరు ఎదుట తెర యొకటి యుండి, యివి యన్నియుఁ బెనవేసిన రెండే తీఁగలమీఁద నొకదానితో నొకటి మాటలాడుకొనును. ఈ పద్ధతికి క్యాన్ అని పేరు. జర్మనీలోని బాష్ సంస్థవారు 1983లో దీనిని రూపొందింప మొదలిడి 1986లో లోకమునకుఁ జూపిరి. లంకలో సీతమ్మ హనుమంతునిఁ జూచిన వెంటనే నమ్మలేదు. గుర్తులు విని, యుంగరము చూచిన పిదపనే నమ్మినది. ఈ తీఁగలపైఁ బోవు ప్రతి సందేశమునకు నట్లే యొక గుర్తుసంఖ్య యుండును. అది కావలసిన కంట్రోలరు గ్రహించును, తక్కినవి విడిచిపెట్టును. ఒకేమాఱు రెండు పలుకఁబోయినచో చిన్నసంఖ్య గల సందేశమునకే ముందు త్రోవ. మన యుమ్మడి యిండ్లలో నీ నియమ మున్నచో నెంత బాగుండును!

ఇఁక దోషము సంగతి. సందేశము వేళకు రానిచో తెరమీఁద నొక కోడు కనఁబడును. అనేక యంత్రములలో దాని చివర 9 అను సంఖ్య యుండును. వచ్చిన సందేశమే చెడియున్నచో 19. ఇచ్చటనే పలువురు మోసపోవుచున్నారు. ఆ కోడు వ్రాసినది వినవలసిన కంట్రోలరు, పలుకవలసినది కాదు. "నాకు వినఁబడలేదు" అనుట మాత్రమే దాని సాక్ష్యము. అవతలిది నోరు మెదపలేదో, మెదపినను మాట త్రోవలో చెదరినదో దానికిఁ దెలియదు.

మాకుఁ దెలిసిన యొక యింట నిట్లు జరిగినది. తొలి వానలు పడిన వారమునకే యంత్రము చేని నడుమ నిలిచిపోయినది. వచ్చిన మెకానిక్కు కోడు చూచి, పంపు కంట్రోలరు పోయినదనియు, మార్పింపక తప్పదనియు, దాని వెల రెండు నెలల వాయిదాలకు మించుననియుఁ జెప్పెను. ఆ యిల్లాలు మిగిలిన జత గాజులు తీయఁబోవుచు నొక ప్రశ్న వేసినది: "అన్నా, అది చెడిపోయిందో, దానిదాకా పోయే తోవ తెగిందో ఎట్ల తెలిసింది?" అతఁడు బదులు చెప్పలేకపోయెను. మఱునాఁడు వచ్చిన యింకొకఁడు మల్టీమీటరు పెట్టి చూడఁగా 120 కనఁబడెను. వెదకఁగా వెదకఁగా డ్రైవరు పీట క్రింది ప్లగ్గులో నొక పిన్ను పచ్చని చిలుముపట్టి యుండెను. గాజులు చేతనే నిలిచినవి.

ఆ 120 ఏమి చెప్పెనో వివరింతును. జంటతీఁగల రెండు కొనలయందు నొక్కొక్క 120 ఓముల రెసిస్టరు ఉండును. విద్యుత్తునకు రెండు త్రోవలు దొరకుటచేత నడ్డు సగమై, రెండును బాగున్నప్పుడు మీటరు 60 చూపును. 120 చూపినచో నొక కొన యందలేదని, అనఁగా త్రోవ నడుమఁ దెగినదని గాని రెసిస్టరు పోయినదని గాని యర్థము. సున్న దగ్గఱ నిలిచినచో రెండు తీఁగలు రాచుకొని కలిసినవి. ఈ కొలత బ్యాటరీ విప్పిన పిదపనే తీయవలెను. లేనిచో మీటరు చెప్పునది నమ్మరాదు. పిదప తాళము త్రిప్పి ఒక్కొక్క తీఁగకు నేలతీఁగతో వోల్టులు చూడవలెను: రెండును రెండున్నర వోల్టుల కటు నిటుగా నుండవలెను. ఒకటి సున్నకో, 24కో అంటుకొనియున్నచో నది ఇనుమునకో బ్యాటరీ తీఁగకో తగులుచున్నది. కొన్ని కంట్రోలరుల లోపలనే యా రెసిస్టరు ఉండును గనుక, ప్లగ్గు తీసినంతనే 120 వచ్చినదని దానిపై నేరము మోపరాదు.

వీనికంటె ముందు చూడవలసినవి బ్యాటరీలు, నేలతీఁగ. రెండు పండ్రెండు వోల్టుల బ్యాటరీలలో నొకటి నీరసించినను స్టార్టు చేయునప్పుడు వోల్టులు పడిపోయి, కంట్రోలరులన్నియు నొకదానిపై నొకటి ఫిర్యాదు చేయును. అందఱు నొక్కనిపైననే చెప్పినచో వాని ఫ్యూజును జూడుఁడు; అందఱు నందఱిపైఁ జెప్పినచో త్రోవను జూడుఁడు.

మన ప్రాంతమునకుఁ బ్రత్యేకమైన శత్రువులు కొన్ని గలవు. అడవి యంచున నిలిపిన యంత్రములో నెలుకలు చేరి తీఁగలు కొఱుకును. బకెట్టు పండ్లకు వెల్డింగు చేయునప్పుడు బ్యాటరీ విప్పని తొందరపాటుచేత కంట్రోలరులే కాలిపోవుటయుఁ గలదు. అన్నిటికంటె గొప్పది నీరు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాఁటెను. 2024 సెప్టెంబరులో ఖమ్మమున మున్నేరు ఇండ్లలోనికి వచ్చెను. వరదలో మునిఁగిన యంత్రములు కడిగి రంగు వేయఁబడి యమ్మకమునకు రావచ్చును. పైకిఁ జూడ నందముగానే యుండును. చిలుము ప్లగ్గులలోపల నెలలతరబడి పెరుఁగుచుండును.

కాఁబట్టి బేరమునకుఁ బోవు మగవారితో మనము చెప్పి పంపవలసిన మాట యొకటి. బయానా యిచ్చుటకు ముందు పీట క్రింది ప్లగ్గులు రెండైనను విప్పి చూపుమనవలెను. లోపల బురదచాఱ గాని పచ్చదనము గాని కనఁబడుచున్నదేమో టార్చి వెలుతురునఁ జూడవలెను. తీఁగలు నడుమ నతుకఁబడియున్నచో ఆ యతుకు వద్ద మరల జంటగాఁ బెనవేసిరా, విడివిడిగాఁ జుట్టి టేపు వేసిరా యనునది కూడఁ జూడవలెను. పెనవేఁత పోయినచోట ప్రక్కతీఁగల సందడి మాటలలోఁ జొచ్చును. కొన్ని వందల రూపాయల మల్టీమీటరొకటి సంచిలో నుంచి పంపుఁడు.