చేయూత తొలగిన నాడు

ఉద్దేశం

దాతల సహాయంతో ఆరంభమైన టీకా కార్యక్రమాలను ఆ సహాయం ముగిసిన తరువాత స్వశక్తితో ఎట్లా నిలుపుకోవాలో, ఆ ప్రయత్నంలో హైదరాబాదు టీకా పరిశ్రమ నిర్వహించిన పాత్ర ఎట్టిదో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ పేరు చెప్పగానే సాఫ్ట్‌వేర్ పరిశ్రమే స్ఫురిస్తుంది. కాని ఆ అద్దాల మేడలు లేవకముందే పొరుగున ఉన్న గచ్చిబౌలిలో మరొక పరిశ్రమ వెలసింది. పాడిపశువులను గాలికుంటు వ్యాధి నుంచి కాపాడే టీకాను రైతు కొనగలిగిన ధరకు అందించాలనే సంకల్పంతో జాతీయ పాడి అభివృద్ధి మండలి 1982లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థను స్థాపించింది. ఆ ప్రాంగణానికి రక్షాపురమని పేరు. టీకా ఎంత గొప్పదైనా అవసరమైనవాడికి అందుబాటులో లేకపోతే అది నిష్ప్రయోజనమనే సత్యం ఆ సంస్థ పుట్టుకలోనే ఉన్నది.

టీకా సాధారణమైన సరకు కాదు. జబ్బుపడినవాడు అప్పు చేసి అయినా మందు కొంటాడు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు రాబోయే వ్యాధిని ఊహించి ముందుగా డబ్బు ఖర్చు పెట్టడం పేద కుటుంబానికి సాధ్యం కాదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువల్ల ప్రయోజనమూ లేదు. అందుచేత ఈ వ్యయాన్ని సమాజం తరఫున ప్రభుత్వమే భరించవలసి వస్తుంది. మన దేశంలో 1978లో మొదలైన టీకా కార్యక్రమం 1985లో సార్వత్రిక కార్యక్రమంగా రూపొందింది. నేడు ఏటా రెండున్నర కోట్లకు పైగా శిశువులు దీని పరిధిలోకి వస్తున్నారు.

పాత టీకాల ధర స్వల్పం కాబట్టి ప్రభుత్వానికి అది పెద్ద భారం కాలేదు. కొత్త టీకాలతోనే చిక్కు ఏర్పడింది. హెపటైటిస్-బి వైరస్ కాలేయాన్ని నెమ్మదిగా క్షీణింపజేసి, కొందరిలో క్యాన్సరుకు కూడా దారితీస్తుంది. దీనికి టీకా 1980లలోనే వచ్చినా విదేశాల నుంచి దిగుమతి అయ్యే ఆ మందు సామాన్యుడికి అందని ద్రాక్షగానే ఉండిపోయింది. వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఈ లోటును గుర్తించి, 1993లో తన తల్లి పేరిట హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను నెలకొల్పారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, కణ, అణుజీవశాస్త్ర పరిశోధనా కేంద్రంలోనూ ఆ సంస్థ పరిశోధనకు ఆశ్రయం లభించింది. 1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి అనే దేశీయ టీకా విపణిలోకి వచ్చింది. దిగుమతి టీకా కంటే దాని ధర అనేక రెట్లు తక్కువ. పోటీ పెరిగినకొద్దీ ధర ఇంకా దిగివచ్చింది.

ధర తగ్గినంత మాత్రాన టీకా పల్లెకు చేరదు. శీతల పెట్టెలు కావాలి, సూదులు కావాలి, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. ఈ దశలోనే దాతలు ముందుకు వచ్చారు. 2000 దశకపు తొలి సంవత్సరాలలో గేట్స్ ఫౌండేషన్ నిధులతో పాత్ అనే సంస్థ, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి టీకా సేవలను బలపరచే పథకాన్ని చేపట్టింది. హెపటైటిస్-బి టీకాను ప్రవేశపెట్టడం, ఒకసారి వాడిన తరువాత మళ్లీ వాడటానికి వీలులేని సిరంజిలను అలవాటు చేయడం అందులోని ముఖ్యాంశాలు. అదే కాలంలో గావి అనే అంతర్జాతీయ టీకా కూటమి తోడ్పాటుతో దేశంలోని కొన్ని నగరాలలో, జిల్లాలలో ఈ టీకాను ప్రయోగాత్మకంగా ఇవ్వసాగారు. 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ కార్యక్రమం విస్తరించింది. దాత మొదటి మెట్టు కట్టగా మిగిలిన మెట్లను ప్రభుత్వం తన నిధులతో కట్టుకొన్నది.

2000లో ఏర్పడిన గావి సహాయానికి ఒక నియమం ఉన్నది. పేద దేశం టీకా ఖర్చులో కొద్ది వాటాను మొదటి నుంచీ భరించాలి. తలసరి ఆదాయం నిర్ణీత పరిమితిని దాటినప్పుడు ఆ వాటాను ఏటేటా పెంచుకొంటూ, కొన్నేళ్లలో మొత్తం ఖర్చును తానే వహించాలి. ఇది న్యాయమైన నియమమే. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక అనలేదు. కాని సగటు ఆదాయం పెరిగినంత మాత్రాన ప్రతి ఇంటి ఆదాయమూ పెరిగినట్లు కాదు. ఖజానాలో అందుకు తగిన పద్దు ముందుగా ఏర్పరచుకోని దేశంలో, సహాయం ఆగిన నాడే టీకా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. భారతదేశం పంచరక్షక టీకా విషయంలో మెలకువ వహించింది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం మొదలైన ఐదు వ్యాధులను ఒకే సూదితో నివారించే ఈ టీకా 2011 డిసెంబరులో గావి సహాయంతో కేరళ, తమిళనాడులలో మొదలైంది. క్రమంగా దీని ఖర్చును దేశమే భరించింది. అంతేకాదు, 2013లో భారతదేశం గావికి విరాళమిచ్చే దేశాల సరసన చేరింది.

ఈ స్వావలంబనకు మూలం దేశీయ ఉత్పత్తి. 1953లో స్థాపితమైన బయలాజికల్-ఇ పంచరక్షక టీకాను తయారుచేసి ప్రపంచ దేశాలకు అందించింది. 1996లో ఏర్పడిన భారత్ బయోటెక్, శిశువుల విరేచనాలకు కారణమైన రోటా వైరస్‌పై రోటావ్యాక్ చుక్కలను రూపొందించింది. 1980లలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆచార్య ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువులలో గుర్తించిన వైరస్ రకమే ఈ టీకాకు ఆధారం. ప్రభుత్వం, విదేశీ పరిశోధన సంస్థలు, దాతలు కలిసి పని చేయగా, ఒక్కొక్క మోతాదును ఒక డాలరుకే ఇస్తామని ఆ సంస్థ ముందుగానే మాట ఇచ్చింది. 2016లో సార్వత్రిక కార్యక్రమంలో ఈ చుక్కలు మొదలైన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అయితే ధర తగ్గించడానికీ ఒక హద్దు ఉన్నది. ఉత్పత్తిదారుకు కనీస లాభమైనా మిగలకపోతే ఆ టీకాను తయారుచేసేవారే కరవవుతారు. 2008లో కసౌలి, కూనూరు, గిండీలలోని ప్రభుత్వ టీకా కేంద్రాల లైసెన్సులు నిలిపివేసినప్పుడు, సరఫరా కొద్దిమంది చేతులలో ఉండటంలోని ప్రమాదం దేశానికి తెలిసివచ్చింది. 2010లో ఆ లైసెన్సులను పునరుద్ధరించారు. ఉత్పత్తిదారులు పలువురు ఉండటం, కొనుగోలుకు దీర్ఘకాలిక హామీ ఉండటం, నాణ్యత తనిఖీలో రాజీ లేకపోవడం అనే మూడు అంశాలూ కలిసినప్పుడే చౌక టీకా చిరకాలం నిలుస్తుంది.

ఇక అసలైన పరీక్ష చివరి అడుగులో ఉన్నది. 2021 జూన్‌లో మాదాపూర్‌లోని హైటెక్స్ ప్రాంగణంలో రుసుము చెల్లించిన వేలాదిమందికి ఒకే రోజున కోవిడ్ టీకా వేశారు. అది ప్రశంసనీయమైన ఏర్పాటే. కాని అదే సైబరాబాదులో మేడలు కట్టే కూలీల బిడ్డలు రేకుల షెడ్లలో పెరుగుతున్నారు. ఒక కట్టడం పూర్తికాగానే ఆ కుటుంబం మరొక చోటికి తరలిపోతుంది. ఆరవ వారంలో ఒకచోట టీకా వేయించుకొన్న శిశువు పదవ వారానికి ఎక్కడ ఉంటాడో చెప్పలేము. బుధ, శనివారాలలో టీకా వేసే ఆరోగ్య కార్యకర్త ఆ షెడ్డు తలుపు తట్టి, టీకా కార్డు అడిగి చూస్తేనే ఆ బిడ్డకు రక్షణ. 2014లో ఆరంభమైన మిషన్ ఇంద్రధనుస్సు ఇటువంటి శిశువులను వెదకడానికే ఉద్దేశించినది.

కొందరు తప్పిపోతే నష్టమేమని అనుకోరాదు. ఒక వాడలో ఏటా వందమంది పుడుతూ, ఇరవైమంది తట్టు టీకా తప్పించుకొన్నారనుకొందాం. ఐదేళ్లలో రక్షణ లేని పిల్లలు వందమంది పోగవుతారు. తట్టు అతి వేగంగా వ్యాపించే వ్యాధి. దానిని అరికట్టాలంటే నూటికి తొంభై అయిదుగురికి రక్షణ ఉండాలి. ఒక ఏడు నిధులు తగ్గితే ఆ ఫలితం ఆ ఏడే కనిపించదు. కొన్నేళ్ల తరువాత ఒక్కసారిగా మహమ్మారి రూపంలో బయటపడుతుంది. పొదుపు చేశామనుకొన్న ధనం అప్పుడు వైద్యానికి చాలదు.

2025 జూన్‌లో గావి రాబోయే ఐదేళ్లకు 1,190 కోట్ల డాలర్లు కోరగా, దాతలు వాగ్దానం చేసినది 900 కోట్లకు కొంచెం మించినంతే. ఆ సమయంలోనే అమెరికా తన విరాళాన్ని నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. దాతృత్వం ఉదాత్తమైనదే అయినా శాశ్వతమైనది కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది. నడక నేర్చే బిడ్డకు పెద్దల వేలు అవసరమే. ఆ వేలు వదిలిన నాడు కూడా తడబడకుండా నడవగలగడమే ఆ చేయూతకు సార్థకత. తెలుగునేల మీద తయారైన టీకా ఖండాంతరాలు దాటి వెళ్లడం గర్వకారణం. అది గచ్చిబౌలి కూలీ గుడిసెలోని శిశువుకు కూడా వేళకు అందిన నాడు ఆ గర్వం పరిపూర్ణమవుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

చేయూత = సహాయం, ఆసరా
స్ఫురించు = తోచు
విపణి = అంగడి
పద్దు = లెక్కలో కేటాయింపు
ఎరువు సొమ్ము = అడిగి తెచ్చుకొన్న నగ
స్వావలంబన = తన శక్తిపై తాను ఆధారపడటం
సార్థకత = ప్రయోజనం నెరవేరడం

ప్రశ్నలు

1. టీకా వ్యయాన్ని ప్రభుత్వమే భరించవలసి రావడానికి కారణమేమిటి?
2. హెపటైటిస్-బి టీకా దేశమంతటా విస్తరించిన క్రమాన్ని వివరించండి.
3. చౌక టీకా చిరకాలం నిలవడానికి అవసరమైన అంశాలేవి?
4. ‘చేయూత తొలగిన నాడు’ అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.