బిడ్డ బరువు ఎవరి బాధ్యత?

ఈ రోజు మనము ఆలోచించబోయే విషయము పిల్లల్లో అధిక బరువు. "అయ్యగారూ, ఇది డాక్టర్లు చెప్పవలసిన మాట కదా" అని మీలో కొందరు అనుకోవచ్చును. నిజమే. కానీ ఒక తల్లి నాతో చెప్పిన సంగతి విన్న తరువాత నేను మౌనంగా ఉండలేకపోయాను.

ఆ సహోదరి కుమారునికి తొమ్మిదేళ్లు. బడిలో తోటి పిల్లలు వాడిని "గుమ్మడికాయ" అని పిలుస్తున్నారట. ఆటల పీరియడులో ఏ జట్టూ వాడిని చేర్చుకోదు. ఒకరోజు వాడు "అమ్మా, నేనిక బడికి వెళ్లను" అని ఏడ్చాడు. ఆమె టీచరుగారిని కలిస్తే, "ముందు ఇంట్లో తిండి తగ్గించండమ్మా" అన్నారు. "మీ క్యాంటీనులోనే చిప్సు, కూల్‌డ్రింకులు అమ్ముతుంటే నేనేమి చేసేది?" అని ఆమె అడిగింది. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. కానీ ఇద్దరి మధ్య నలిగిపోయినది ఆ బిడ్డ.

ఒక్కసారి ఆలోచించండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు బజారుకు వెళ్లి నెల సరుకులు తేడు. క్యాంటీనులో ఏమి అమ్మాలో వాడు నిర్ణయించడు. పెద్దలమైన మనము ముందు పెట్టినదే వాడు తింటాడు. అయితే నిందను, అవమానాన్ని మాత్రము వాడే మోస్తున్నాడు.

"పిల్లలు బొద్దుగా ఉంటేనే కదా ముద్దు" అంటారు మన అమ్మమ్మలు, నాయనమ్మలు. వారిని తప్పు పట్టకండి. వారు కరువు కాలములు చూచినవారు. ఆ రోజుల్లో బిడ్డ ఒళ్లు చేస్తే ఇంట్లో గింజలున్నాయని గుర్తు. కానీ కాలము మారింది. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 2.1 శాతము మంది అధిక బరువుతో ఉన్నారు. 2019-21 సర్వే నాటికి అది 3.4 శాతమైంది. అదే సర్వేలో 35.5 శాతము మంది పిల్లలు వయసుకు తగిన ఎత్తు లేనివారు. ఒక వీధిలో చాలీచాలని తిండి, పక్క వీధిలో మితిమీరిన తిండి. ఇక ప్రపంచమంతటి సంగతి చూస్తే, 5 నుండి 19 ఏళ్లవారిలో బక్కచిక్కినవారికంటె స్థూలకాయులే ఎక్కువయ్యారని 2025లో యునిసెఫ్ సంస్థ తెలియజేసింది.

అధిక బరువును కంటిచూపుతో తేల్చకూడదు. పెద్దలకు వాడే బి.ఎమ్.ఐ. హద్దులు పిల్లలకు పనికిరావు. వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదానిని బట్టి డాక్టర్లు పెరుగుదల చార్టు చూచి చెబుతారు. ఒకప్పుడు పెద్దలకే వచ్చే రకము షుగరు వ్యాధి, కాలేయానికి కొవ్వు పట్టడము, రక్తపోటు ఇప్పుడు పిల్లల్లో కూడా కనబడుతున్నవి. అయినా భయపడి బిడ్డను పస్తులుంచకండి. ఎదిగే వయసు గనుక, చాలామంది పిల్లల్లో బరువు ఇక పెరగకుండా చూచుకుంటే చాలును. ఎత్తు పెరిగేకొద్దీ ఒళ్లు దానంతటదే సర్దుకుంటుంది.

మొదటిగా, తల్లిదండ్రుల పాత్ర. ఒక చిన్న లెక్క చూడండి. ఏడు నుండి తొమ్మిదేళ్ల బిడ్డకు రోజుకు కావలసినవి సుమారు 1700 కేలరీలు. అందులో విడిగా కలిపే చక్కెర 5 శాతానికి మించకపోతే మంచిది. అంటే సుమారు 21 గ్రాములు, ఐదు చిన్న చెంచాలు. మామూలు కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే ఆ రోజు లెక్క దాటిపోయినట్లే! ఆపైన పాలలో కలిపే పొడి, బిస్కెట్లు, చాక్లెట్లు ఉండనే ఉన్నవి.

ఇంట్లో లేని వస్తువును బిడ్డ తినడు. గనుక మార్పు మొదలుకావలసినది సరుకుల చీటీలో. వేయించిన శనగలు, వేరుశనగ ఉండలు, జామకాయ, మజ్జిగ, రాగిజావ మనకు కొత్తవి కావు. టీవీ ముందు, సెల్‌ఫోను ముందు తింటే ఎంత తిన్నదీ తెలియదు. రాత్రి నిద్ర చాలకపోతే మరునాడు ఆకలి పెరుగుతుంది. ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లలకు కనీసము తొమ్మిది గంటల నిద్ర అవసరము. మరొక మాట, లావుగా ఉన్న బిడ్డకు ఒక కంచము, మిగిలినవారికి వేరొక కంచము పెట్టకండి. ఇల్లంతా ఒకే విధముగా తినండి.

రెండవదిగా, బడి పాత్ర. చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా ఉన్న పదార్థములను బడి క్యాంటీనులోను, బడి గేటునుండి 50 మీటర్లలోపున పిల్లలకు అమ్మకూడదని 2020లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన చేసింది. తన పరిధిలోని బడులలో చక్కెర బోర్డులు పెట్టాలని 2025లో సి.బి.ఎస్.ఇ. ఆదేశించింది. ఏ పానీయములో ఎంత చక్కెర ఉన్నదో పిల్లలే చూచి తెలుసుకోవాలని దాని ఉద్దేశము.

ఆట సంగతి కూడా చెప్పాలి. పిల్లలు రోజుకు ఒక గంటయినా ఒళ్లు అలిసేలా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన బడుల్లో జరుగుతున్నదేమిటి? పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది ఆటల పీరియడే. అపార్టుమెంటులో నడిచే బడికి మైదానమే ఉండదు. బిడ్డను చేర్చేటప్పుడు ర్యాంకుల సంగతి అడిగే మనము, మైదానము సంగతి ఎందుకు అడగము?

ఇంత చెప్పిన నేను నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా సండే స్కూల్లో కంఠతా వాక్యము చెప్పిన ప్రతి బిడ్డకూ ఏళ్ల తరబడి చాక్లెట్టు ఇచ్చాను. పుట్టినరోజు అంటే కేకు, కూల్‌డ్రింకు. మంచి పని చేస్తే తీపి దొరుకుతుందని నేర్పినవాడను నేనే. ఇప్పుడు పెన్సిలో, అరటిపండో ఇస్తున్నాము. మొదటి రెండు వారములు పిల్లలు మూతి ముడిచారు. మూడవ వారము అడగడము మానేశారు.

ఆ తల్లి మరల టీచరుగారిని కలిసింది. ఈసారి తప్పు ఎవరిదని ఇద్దరూ వాదించుకోలేదు. "నేను ఇంటి డబ్బా చూచుకుంటాను, మీరు ఆ పేరు పెట్టి పిలవడము ఆపించండి, వాడిని ఆటలో చేర్చండి" అని ఆమె అడిగింది. టీచరుగారు సరేనన్నారు. క్యాంటీను సంగతి తల్లిదండ్రుల సమావేశములో ఇంకా తేలవలసి ఉన్నది. వాడి బరువు పెద్దగా తగ్గలేదు. కానీ వాడు బడికి వెళ్తున్నాడు, కబడ్డీ ఆడుతున్నాడు.

ప్రియ శ్రోతలారా, ఈ వారము మీరు ఒక్క పని చేయండి. మీ బిడ్డ బడి గేటు దగ్గర ఐదు నిమిషములు నిలబడి, అక్కడ ఏమి అమ్ముతున్నారో చూడండి. తరువాత ఇంటికి వచ్చి, మీ వంటింటి అలమరలో ఏమున్నదో చూడండి. ఈ రెండూ చూచినవారు ఇక బిడ్డను నిందించరు. సెలవు.