తలకు దెబ్బ తగిలిన ఆటగాడు

పాతబస్తీలో, ముఖ్యముగా బార్కస్ ప్రాంతమున, ఫుట్‌బాలు తాతలనాటి వ్యసనము. అచ్చటి మైదానములలో మేము పలుమారులు చూచిన దృశ్యమొకటి కలదు. పైకి లేచిన బంతికై ఇద్దరు బాలురు ఒక్కమారే ఎగురుదురు. తలలు ఢీకొనును. ఒకడు పడిపోవును. ఎవరో మొగమున నీళ్లు చల్లుదురు. వాడు లేచి దుమ్ము దులుపుకొని “కుఛ్ నహీ హువా” అనును. చప్పట్ల నడుమ ఆట సాగును.

ఆ చప్పట్ల వెనుక ఒక గొప్ప కథ యున్నది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో మన హైదరాబాదీ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును రక్షణ పంక్తి నుండి తెచ్చి ముందు వరుసలో నిలిపెను. అంతిమ పోటీలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణము గెలిచితిమి. ఆ రెండు గోలులలో ఒకటి జర్నైల్ సింగుదే. ఈ కథను మేమును గర్వముతో చెప్పుకొనువారమే. అయితే కుట్లు పడునది చర్మమునకు. లోపల మెదడు అదిరినదా లేదా అనునది కుట్లు చెప్పవు.

ఈ అదురుపాటునే వైద్యులు కంకషన్ అందురు. తల ఒక్కసారిగా కుదుపునకు లోనైనపుడు మెదడులోని నాడీకణముల పని కొంతకాలము తారుమారగును. స్పృహ తప్పినగాని ప్రమాదము లేదనుట పొరపాటు. పెక్కుమందికి స్పృహ తప్పనే తప్పదు. సి.టి. స్కాను ఎముక విరుగుటను, రక్తస్రావమును చూపునుగాని కంకషనును చూపదు. కనుక మనిషినే పరీక్షింపవలెను.

రగ్బీ ఆడు దేశములలో ఇందుకు వాడు ప్రశ్నలు బహు సులభమైనవి: ఇది ఏ మైదానము? ఇప్పుడు ఆట మొదటి సగమా, రెండవదా? చివరి గోలు ఎవరు చేసిరి? గత వారము ఎవరితో ఆడితిరి? గెలిచితిరా? పేరు, ఊరు అడిగిన చాలదా యందురేమో. దెబ్బ తిన్నవాడు వానిని చెప్పగలడు, అరగంట క్రిందటి సంగతి మరచును. మన గల్లీ ఆటలో సగములకు లెక్క యుండదు; అసర్ ఆజాన్ తరువాత ఎన్ని గోలులైనవని అడుగవచ్చును. ఏ భాషలో వాడు ఆలోచించునో ఆ భాషలోనే అడుగవలెను. ఉర్దూ పిల్లవానిని ఇంగ్లీషులో నెలలు తిరగవేసి చెప్పుమన్నచో తడబాటు భాషదో, మెదడుదో తెలియదు.

జవాబు తప్పినచో ఆట అంతటితో సరి. జవాబులన్నియు ఒప్పైనను తలనొప్పి, తల తిరుగుట, చూపు మసకబారుట, నడకలో తూలుట, మాటలో మందకొడితనము వీనిలో ఒక్కటి యున్నను అంతే. లక్షణములు కొన్ని గంటలు గడచి కూడ బయటపడవచ్చును. 2011లో ఉత్తర ఐర్లండులో 14 ఏండ్ల బాలుడొకడు బడి రగ్బీ పోటీలో దెబ్బ తగిలిన పిదపయు మైదానములోనే యుండి, మరల దెబ్బలు తిని మరణించెను. మొదటి దెబ్బ మానకమునుపే రెండవది తగిలినచో లేత మెదడు ప్రమాదకరముగా వాచునని వైద్యులు చెప్పుదురు.

ఇక ఇంటి సంగతి. పలుమారులు వాంతి, మూర్ఛ, మెడనొప్పి, రెండేసిగా కనబడుట, కాలుసేతుల తిమ్మిరి, ఎక్కువగుచున్న తలనొప్పి లేక మగత కనబడినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను. “వీడు ఎప్పటివలె లేడు” అని తల్లి యన్నచో ఆ మాటను తోసివేయరాదు. ఎప్పటివలె ఎట్లుండునో ఆమెకే తెలియును.

తొలి రెండు దినములు విశ్రాంతి, ఫోను తగ్గించుట. పిమ్మట మెల్లగా నడక, చదువు. 2023లో బ్రిటనువారు ప్రకటించిన సూచనల ప్రకారము 21 దినములకు ముందు పోటీలో దిగరాదు. టోర్నమెంటు చేజారునని కుర్రవాడు నొప్పిని దాచును; ఆ వయసుననున్న మనమైనను దాచియుందుము. వాడు ఆడడని కెప్టెనుకు చెప్పవలసినది వాడు కాదు, పెద్దలు.